ఏ బోటు కబురు ఎవరికి అందింది? సముద్రం మీది అనుసంధానాలూ ఒడ్డు మీది తెరలూ

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు బయల్దేరిన మరబోటు వారం, పది రోజులు, ఒక్కోసారి అంతకు మించి సముద్రం మీదే ఉంటుంది. డ్రైవరు కూర్చునే క్యాబిన్‌లో వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్, లోతునూ చేపల జాడనూ చూపే ఎకో సౌండర్, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను ఉంటాయి. ఈమధ్య వాటికి తోడు, ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపే ట్రాన్స్‌పాండర్ కూడా వచ్చి చేరింది. వీటిలో కొన్నింటికి ఒడ్డున రెండో కొస ఉంది. ఆ కొస దగ్గర తెర ముందు ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఆ మనిషి మత్స్యశాఖ ఉద్యోగి కావచ్చు, కోస్ట్ గార్డు కావచ్చు, మెరైన్ పోలీసు కావచ్చు. పదిహేనేళ్ళుగా సముద్రం మీదికి పరికరాలు పంపడానికి ప్రభుత్వాలు చాలా ఖర్చు పెట్టాయి. పరికరం మీద పెట్టినంత ఆలోచన ఒడ్డున ఉన్న తెర మీద పెట్టలేదని నా అభిప్రాయం. వేల బోట్ల అనుసంధానాలను ఒక్క మనిషి కళ్ళ ముందు ఎలా పెట్టాలి, ఇప్పుడున్న పద్ధతిలో ఏం మార్చాలి అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ముందు ఈ అనుసంధానాలు ఏ వరసలో వచ్చాయో చూడాలి. ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కో అవసరానికి పుట్టింది, ఒక్కోదానికి ఒక్కో లోటు ఉంది. అన్నిటికంటే పాతది వైర్‌లెస్, అంటే వీహెచ్‌ఎఫ్ రేడియో. ఆపదలో పిలవడానికి 16వ ఛానల్ ప్రపంచమంతటా ఒకటే. అయితే ఆ తరంగాలు భూమి వంపును దాటి పోవు. బోటుకూ బోటుకూ మధ్య కొన్ని మైళ్ళు, ఒడ్డున ఎత్తయిన యాంటెన్నా ఉంటే ఇరవై, పాతిక మైళ్ళు, అంతే. మాట మాత్రం రెండు వైపులా నడుస్తుంది. "ఏటన్నా, ఎన్ని బారల్లో ఉన్నావు?" అని అడిగితే అవతలి బోటు నుంచి వెంటనే జవాబు వస్తుంది. విన్నారో లేదో అన్న సందేహం అక్కడ లేదు.

2008 నవంబరు 26న ముంబైపై దాడి చేసినవాళ్ళు పోర్‌బందర్‌కు చెందిన కుబేర్ అనే చేపల బోటును స్వాధీనం చేసుకుని దాని మీద వచ్చారు. సముద్రం మీద ఏ బోటు ఎవరిదన్న ప్రశ్న ఆ తర్వాత దేశ భద్రత ప్రశ్న అయింది. బోట్ల రిజిస్ట్రేషన్, జాలర్లకు గుర్తింపు కార్డులు, తీరం వెంట నిఘా అన్నీ బిగుసుకున్నాయి. 20 మీటర్లకు మించిన బోట్లకు ఏఐఎస్ అనే గుర్తింపు పరికరం తప్పనిసరి అయింది. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, జాలర్ల నోట్లో డ్యాట్, 2010 నుంచి వాడుకలో ఉంది. ఆపద వేళ మీట నొక్కితే కబురు ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడినుంచి కోస్ట్ గార్డుకు చేరుతుంది. లోటల్లా ఒక్కటే: మొదటి తరం డ్యాట్‌లో కబురు పైకి మాత్రమే పోయేది. మునిగిపోతున్న బోటులో మీట నొక్కిన మనిషికి తన మొర ఎవరైనా విన్నారో లేదో తెలిసే దారి లేదు.

2017 నవంబరు ఆఖర్లో ఓఖీ తుపాను కేరళ, కన్యాకుమారి జాలర్లను నడి సముద్రంలో పట్టుకుంది. హెచ్చరికలు వచ్చేసరికే చాలామంది ఫోను సిగ్నలు అందనంత దూరం వెళ్ళిపోయి ఉన్నారు. ఆ విషాదం తర్వాత 2019 అక్టోబరులో జెమిని వచ్చింది. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే తుపాను, అలల, చేపల జాడ సమాచారాన్ని ఈ చిన్న పెట్టె అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోనుకు ఇస్తుంది. డ్యాట్ పంపడమే గానీ వినలేనిదైతే, జెమిని వినడమే గానీ పంపలేనిది. హెచ్చరిక పంపిన శాస్త్రవేత్తకు అది ఎంతమంది డ్రైవర్లు చూశారో ఈ పెట్టె చెప్పలేదు.

2024 జనవరిలో ఇస్రో విడుదల చేసిన రెండో తరం డ్యాట్ మొదటి తరం లోటును పూడ్చింది. ఆపద కబురు అందిందన్న రసీదు తిరిగి బోటుకు వస్తుంది. దాన్ని ఫోనుకు కలిపి జాలరి తన భాషలో చదువుకోవచ్చు. ఒడ్డున రక్షణ కేంద్రాలు చూసుకునేందుకు సాగరమిత్ర అనే వెబ్ వ్యవస్థను కూడా దానితోపాటే తెచ్చారు. అదే ఏడాది ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం ఇంకా పెద్దది. తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు 13 కలిపి లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు, సుమారు 360 కోట్ల రూపాయల ఖర్చు. కబురు రెండు వైపులా పోతుంది. డ్రైవరు ఫోనులో నభ్‌మిత్ర అనే యాప్ ఉంటుంది. సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది, ఆపద మీట ఉంటుంది.

ఈ చరిత్రను పరికరాల జాబితాగా చూస్తే అసలు విషయం చేజారుతుంది. ఒక్కో మెట్టులోనూ తేడా తెచ్చింది, కబురు అందిందన్న రసీదు ఉందా లేదా అన్నదే. కాబట్టి ఒడ్డు మీది తెర కూడా ముందు చెప్పవలసింది అదే: ఏ బోటు మాట మనకు ఎప్పుడు చేరింది, మన మాట ఏ బోటుకు చేరింది, ఏ బోటుకు చేరలేదు. చాలా నిఘా తెరలు ఈ మాట చెప్పవు. పటం చూపిస్తాయి, పటం నిండా చుక్కలు చూపిస్తాయి.

ఆ చుక్క సంగతి కొంచెం నిదానంగా చూడాలి. పటం మీద చుక్క కనబడగానే బోటు అక్కడ ఉందనుకుంటాం. నిజానికి అది ఆఖరిసారి కబురు పంపినప్పుడు బోటు ఉన్న చోటు. యూరోపియన్ యూనియన్‌లో 12 మీటర్లు, అంతకు మించిన చేపల ఓడలకు ఉపగ్రహ నిఘా ఎప్పటినుంచో ఉంది. అక్కడ స్థానం పంపే వ్యవధి సాధారణంగా రెండు గంటలు. మన మరబోటు ఏడు నాట్ల వేగంతో పోతుందనుకుందాం. రెండు గంటల్లో 14 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 26 కిలోమీటర్లు పోగలదు. ఎటు పోయిందో తెలియదు కాబట్టి ఆ బోటు ఉండగల ప్రదేశం ఒక చుక్క కాదు. 600 చదరపు నాటికల్ మైళ్ళకు పైబడిన వలయం. హెలికాప్టరు పంపవలసిన అధికారికి ఈ తేడా ప్రాణాలతో సమానం. అందుకని కొత్త తెరలో కబురు పాతబడేకొద్దీ చుక్క వలయంగా పెరగాలి. వల ఈడుస్తున్న బోటుకు వలయం చిన్నగా, దారిలో ఉన్న బోటుకు పెద్దగా, ఇంజిను ఆగిపోయిందని తెలిస్తే నీటివాలు వైపు సాగిన ఆకారంలో ఉండాలి. నీటివాలు, గాలి అంచనాలు ఇన్‌కాయిస్ రోజూ ఇస్తూనే ఉంది. వాటిని ఈ వలయంతో కలపడం కష్టమైన పని కాదు.

దీనికంటే కష్టమైన చిక్కు నిశ్శబ్దం. పదిమంది పిల్లలున్న ఇంట్లో తల్లి చెవి అల్లరి చేసేవాడి మీద కాదు, చప్పుడు లేనివాడి మీద ఉంటుంది. అయితే బోటు విషయంలో చప్పుడు లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. బ్యాటరీ అయిపోవచ్చు, యాంటెన్నా తీగ ఉప్పు పట్టి తెగిపోవచ్చు, డ్రైవరే స్విచ్చి తీసి ఉండవచ్చు, బోటు జెట్టీకి కట్టేసి ఉండవచ్చు, మునిగిపోయి కూడా ఉండవచ్చు. తెర వీటన్నిటికీ ఒకే బూడిద రంగు పూస్తే చూసే మనిషి రెండో రోజునుంచే ఆ రంగును పట్టించుకోవడం మానేస్తాడు.

విశాఖ అనుభవాలే మూడు తీసుకుందాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులు మరబోట్లన్నీ హార్బర్‌లోనే. వందల ట్రాన్స్‌పాండర్లు ఒకేసారి మూగబోతాయి, అందులో భయపడాల్సిందేమీ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలి నగరమే ప్రపంచంతో సంబంధం కోల్పోయింది. అలాంటి రోజున తెర మీద వేల బోట్లు ఒక్క నిమిషంలో మాయమైతే ఆపద సముద్రంలో కాదు, ఒడ్డున మన సర్వరుకు వచ్చిందని తెరే చెప్పగలగాలి. ఇక 2023 నవంబరు 19 రాత్రి. ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీ దగ్గర లేచిన మంట ఒక బోటు నుంచి ఇంకో బోటుకు పాకి ముప్పైకి పైగా మరబోట్లు కాలిపోయాయి. ట్యాంకుల్లో డీజిలు, వంటకు గ్యాస్ సిలిండర్లు, పక్కపక్కనే ఆనించి కట్టిన బోట్లు, మంటకు ఇంకేం కావాలి. ట్రాన్స్‌పాండర్లున్న బోట్లకు అలాంటి రాత్రే ఎదురైతే తెర మీద ఎలా ఉంటుందో ఊహించండి. ఒకే జెట్టీలో ఆనుకుని ఉన్న చుక్కలు నిమిషాల తేడాతో ఒక వరసలో ఆరిపోతాయి. నిషేధకాలపు నిశ్శబ్దానికీ దీనికీ తేడా ఉంది. ఆ తేడా కంప్యూటరుకు లెక్క రూపంలో చెప్పవచ్చు: ఎన్ని బోట్లు, ఎంత దగ్గరలో, ఎంత వేగంగా మూగబోయాయి. హార్బర్‌లో ఉన్న బోటును "క్షేమం" ఖాతాలో వేసి పక్కన పెట్టే తెర ఆ రాత్రి ఎవరికీ పనికిరాదు.

అంటే తెరను పునర్నిర్మించేటప్పుడు బోటు పంపే కబురుకు ఎంత చోటిస్తామో, రావలసి ఉండీ రాని కబురుకూ అంతే చోటివ్వాలి. ప్రతి బోటుకూ తర్వాతి కబురు ఎప్పుడు రావాలో తెరకు తెలుసు. ఆ వేళ దాటిన బోట్లు వాటంతట అవే జాబితా పైకి రావాలి. దానికి ముందు అవి నిషేధకాలంలో ఉన్నాయా, మరమ్మతులో ఉన్నాయా, ఒడ్డు సర్వరే పడిపోయిందా అన్న వడపోత జరిగిపోవాలి. అంతా సవ్యంగా ఉన్న వందల బోట్లను తెర మీద గుచ్చి చూపించడం వల్ల చూసే కళ్ళకు శ్రమే తప్ప లాభం లేదు.

హెచ్చరికల విషయంలో కర్మాగారాలు పెద్ద గుణపాఠాలు నేర్చుకున్నాయి. స్టీలు ప్లాంటు, రిఫైనరీ ఉన్న ఊరికి కంట్రోల్ రూము కొత్త కాదు. 1994లో బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చి పడ్డాయి. అన్నీ నిజమే, ఏదీ ఉపయోగపడలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాత పరిశ్రమలు పెట్టుకున్న ప్రమాణం ఏమిటంటే, మామూలు వేళల్లో ఒక ఆపరేటరుకు పది నిమిషాలకు ఒక్క అలారం మించకూడదు. ఇప్పుడు మన లెక్క వేద్దాం. వెయ్యి బోట్లు చూసే మనిషికి బోటుకు రోజుకొక్క అనవసరపు హెచ్చరిక వచ్చినా గంటకు 40కి పైగా, అంటే ఒకటిన్నర నిమిషానికొకటి. మూడో రోజుకల్లా ఆ మనిషి శబ్దం ఆపేస్తాడు. తప్పు అతనిది కాదు.

సరిహద్దు హెచ్చరికలే చూడండి. పటం మీద గీత గీసి, దాటితే మోగించడం చెప్పుకోవడానికి సులువు. విశాఖ బోటు ముందు ఎన్ని గీతలున్నాయో లెక్క పెడితే తెలుస్తుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ జాలర్లది, మరబోట్లు అక్కడ వేటాడకూడదు. రాష్ట్ర పరిధి 12 నాటికల్ మైళ్ళు. ఉత్తరాన ఒడిశా తీరంలో కొన్నిచోట్ల ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. మన బోట్లు అక్కడ పట్టుబడుతూనే ఉంటాయి. ఇంకా పైకి పోతే బంగ్లాదేశ్ గీత. అటు పడమటి తీరంలో పాకిస్తాన్ గీత ఎంత ఖరీదైనదో ఉత్తరాంధ్ర ఇళ్ళకు తెలుసు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్ళి పట్టుబడిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లలో 20 మంది తిరిగి వాఘా దాటింది 2020 జనవరిలో.

ఈ గీతలన్నీ ఒకే రంగులో, ఒకే శబ్దంతో మోగితే దేనికీ విలువ ఉండదు. 8 కిలోమీటర్ల గీతను హార్బర్‌లోకి వచ్చే ప్రతి బోటూ దాటి తీరాలి, అక్కడ మోగడం అర్థం లేని పని. వేగం తగ్గి, వల ఈడుస్తున్నట్టు నడక మారితేనే అది విషయం. తాబేళ్ళ నిషేధపు గీత క్యాలెండరును బట్టి మేల్కొని, క్యాలెండరును బట్టి నిద్రపోవాలి. అంతర్జాతీయ గీత దగ్గర మాత్రం దాటాక మోగి ప్రయోజనం లేదు. ఈ వేగంతో ఈ దిక్కున పోతే ఎన్ని గంటల్లో గీత తగులుతుందో ముందుగా బోటుకు చెప్పాలి. డ్రైవరు చూశానని నొక్కాడో లేదో ఒడ్డుకు తెలియాలి. నొక్కకపోతే దగ్గర్లో ఉన్న ఇంకో బోటుకు కబురు పోయి, వైర్‌లెస్‌లో పిలిపించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సముద్రంలో బోటుకు మొదటి సాయం ఎప్పుడూ పక్క బోటే. ఇంజిను ఆగిపోతే తాడు కట్టి లాక్కొచ్చేది పక్క బోటు, కళాసీ నీళ్ళలో పడితే వెతికేది పక్క బోటు. విశాఖలోని కోస్ట్ గార్డు రక్షణ ఉపకేంద్రం, చెన్నై రక్షణ కేంద్రం, 1554 అనే ఆపద ఫోను నంబరు అన్నీ అవసరమే. కానీ ఓడ అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది. అందుచేత ఆపద కబురు వచ్చిన బోటును తెర మీద నొక్కగానే మొదట కనబడవలసింది దాని యజమాని చిరునామా కాదు. గంటలోపు చేరగల బోట్లు ఏవి, వాటిలో ఏ బోటు నుంచి ఈ మధ్యనే కబురు వచ్చింది, వాటిని పిలిచే మీట ఎక్కడ. ఈ మూడూ మొదటి చూపులో దొరకాలి. నేను చూడగోరే మార్పులన్నిటిలో ఇది ముందుంటుంది.

అన్ని అనుసంధానాలనూ పరికరం వారీగా విడదీయడం ఇంకో పాత అలవాటు. డ్యాట్‌కు ఒక తెర, ఏఐఎస్‌కు ఒక తెర, ట్రాన్స్‌పాండరుకు ఒక తెర, ఫోన్ నంబర్లకు ఒక రిజిస్టరు. ఒకే బోటు నాలుగు చోట్ల నాలుగు పేర్లతో ఉంటుంది. ఆపద వేళ వాటిని కలపడం రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి బుర్రలో జరగాలి. దీన్ని తిప్పి వేయాలి: బోటు ఒక వరస, దాని పక్కన ఉన్న దారులన్నీ, ఒక్కో దారిలో ఆఖరి కబురు వేళ. ఉపగ్రహం పలకకపోతే ఏఐఎస్ పలికిందా, అదీ లేకపోతే ఆ కళాసీల్లో ఎవరి ఫోనైనా టవరు పరిధిలోకి వచ్చిందా. కలిపే దారం రిజిస్ట్రేషన్ నంబరే కావాలి, ఎందుకంటే చట్టం గుర్తించేది దాన్నే. అయితే జెట్టీ మీద ఎవరూ బోటును నంబరుతో పిలవరు. దేవత పేరుతోనో, యజమాని పేరుతోనో, ఆయన ఇంటిపేరుతోనో పిలుస్తారు. ఒకే దేవత పేరు పది బోట్ల మీద ఉంటుంది. భార్య హార్బర్‌కు పరుగెత్తుకొచ్చి బోటు పేరు చెబితే, ఆ పేరున్న బోట్లన్నీ డ్రైవరు పేరు, ఊరు పేరుతో సహా ఒక్కసారి వచ్చేలా వెతుకుడు పెట్టె ఉండాలి. అక్షరం అటూ ఇటూ అయినా దొరకాలి.

ఈ సమస్యను సముద్రంతో సంబంధం లేని ఇంకో లోకం చాలాకాలంగా ఎదుర్కొంటోంది. వందల సర్వర్లను దూరం నుంచి నడిపే కంప్యూటరు ఇంజినీర్ల లోకం అది. సైమన్ టేథమ్ తొంభైల చివర విడుదల చేసిన పుట్టీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో భద్రపరచిన అనుసంధానాలన్నీ ఒక పొడుగాటి జాబితాగా ఉండేవి. పది సర్వర్లున్నప్పుడు అది చాలు. వందలయ్యాక ఎడమ పక్కన ఫోల్డర్ల చెట్టు, కుడి పక్కన ట్యాబులు ఉన్న నిర్వహణ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఎమ్‌రిమోట్‌ఎన్‌జీ, మైక్రోసాఫ్ట్ వారి ఆర్‌డీసీమ్యాన్ అలాంటివే. చెట్టు కొన్నాళ్ళు బాగుంటుంది. తర్వాత ఒక సర్వరు ఊరి ఫోల్డరులో ఉండాలా, పని ఫోల్డరులో ఉండాలా అన్న తగాదా మొదలవుతుంది. బోట్లదీ అదే కథ. విశాఖలో రిజిస్టరైన బోటు కాకినాడలో సరుకు దించి, పారాదీప్ దగ్గర వేటాడుతుంటే దాన్ని ఏ జిల్లా కొమ్మకు తగిలిస్తారు? చెట్టుకు బదులు బోటుకు గుర్తులు తగిలించి, అవసరానికి తగ్గట్టు పోగు చేసుకోవడమే మేలు: ఇప్పుడు గాలివాన దారిలో ఉన్నవి, గీతకు దగ్గరైనవి, పది రోజులు దాటి ఒడ్డుకు రానివి. బెన్ ష్నైడర్‌మన్ 1996లో సమాచార తెరలకు చెప్పిన సూత్రం కూడా ఇదే దారిలో ఉంది. ముందు మొత్తం చూపు, తర్వాత వడపోయనివ్వు, అడిగినప్పుడే వివరం ఇవ్వు.

ఆర్‌డీసీమ్యాన్ కథలో భద్రతకు సంబంధించిన పాఠం కూడా ఉంది. అందులో భద్రతా లోపం బయటపడటంతో 2020లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఉపసంహరించుకుంది. లోపం సరిచేసి మరుసటి ఏడాది తిరిగి తెచ్చింది. అన్ని అనుసంధానాల తాళాలూ ఒకేచోట పెట్టడం సౌకర్యమే, ఆ చోటికి దొంగ వస్తే నష్టమూ మొత్తమే. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో ప్రతి బోటు స్థానమూ ఒక్క తెరలో పోగుపడుతున్నప్పుడు ఎవరు ఏ బోటు వివరం ఎప్పుడు చూశారన్న చిట్టా తప్పనిసరిగా ఉండాలి.

దీనితో ముడిపడిన ఇంకో సంగతిని అధికారులు తేలిగ్గా తీసుకుంటారు, డ్రైవర్లు తీసుకోరు. చేపలు దొరికే చోటు డ్రైవరు ఆస్తి. ఏ రాతి దగ్గర వంజరం ఉంటుందో, ఎన్ని బారల్లో రొయ్య పడుతుందో తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది, జీపీఎస్‌లో అంకెలుగా దాగి ఉంటుంది. వైర్‌లెస్‌లో కూడా అందరూ వినేలా చెప్పరు. ట్రాన్స్‌పాండర్ పెట్టిన రోజునుంచి ఆ చోటు ఎవరి తెర మీద కనబడుతోందన్న ప్రశ్న వాళ్ళ మనసులో ఉంటుంది. ఇంకో భయమూ ఉంది. 2022 జనవరిలో రింగు వలల విషయంలో విశాఖ తీరంలో జాలరి ఊళ్ళ మధ్య ఘర్షణ జరిగి బోట్లకు నిప్పు పెట్టుకునేదాకా పోయింది. అలాంటి తగాదాల్లో ఏ బోటు ఎక్కడ ఉందన్న రికార్డు రేపు సాక్ష్యమవుతుంది. ప్రాణం కాపాడుతుందని చెప్పి పెట్టిన పరికరం జరిమానా వేయడానికే పనికొస్తోందని అనిపించిన రోజున స్విచ్చి తీసేస్తారు. తుపాను రాత్రి ఆ స్విచ్చి తీసే ఉంటుంది. అందుకే ఈ నమ్మకం ప్రశ్నను తెర రూపకల్పన నుంచి వేరు చేయకూడదు. ఆపద లేని వేళ కింది ఉద్యోగికి పటం మీద బోటు ఉన్న గడి మాత్రమే కనబడాలి, ఆపద మీట నొక్కినా, కబురు వేళ మించినా మాత్రమే కచ్చితమైన చోటు తెరుచుకోవాలి. డ్రైవరు యాప్‌లో తన స్థానాన్ని ఎవరు చూశారో తనకూ కనబడాలి.

ఇంట్లో ఎదురుచూసే వాళ్ళ కోసం ఇంకా సులువైన దారి ఉంది. కొత్త జాలరిపేటలో ఉన్న తల్లికి అక్షాంశ రేఖాంశాలతో పనిలేదు. బోటు నుంచి ఆఖరి కబురు ఎప్పుడొచ్చింది, అంతా బాగున్నట్టేనా అన్నది చాలు. చోటు చెప్పకుండా వేళ మాత్రం చెప్పే ఒక ఎస్‌ఎమ్‌ఎస్ ఆమె ఆందోళన తీరుస్తుంది, డ్రైవరు రహస్యం బయటపెట్టదు. ఇంత చిన్న సౌకర్యం కోసం స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేదు.

బోటు కొసన ఉన్న తెర గురించి కొంచెం. అక్కడ చేతులు తడిగా ఉంటాయి, తడి వేళ్ళకు ఫోను తెర సరిగా లొంగదు. పగలు ఎండ వెలుగులో అక్షరాలు కనబడవు, రాత్రి తెర వెలుగుకు కళ్ళు మసకబారి ఎదుట వచ్చే ఓడ లైటు కనబడదు. మీటలు పెద్దవిగా, తక్కువగా ఉండాలి. మంట, బోటులోకి నీళ్ళు, మనిషి పడిపోవడం, జబ్బు, ఇంజిను ఆగడం, ఈ ఐదూ బొమ్మలతో ఉంటే చాలు. పొరపాటున నొక్కుకోకుండా కొన్ని క్షణాలు అదిమి పట్టాలి, పొరపాటున నొక్కినవాడు జరిమానా భయం లేకుండా రద్దు చేసుకోగలగాలి. ఇన్‌కాయిస్ చేపల జాడ సమాచారాన్ని ఒక్కో చేపల రేవు నుంచి దిక్కు, దూరం, లోతు చెప్పి ఇస్తుంది. డ్రైవరు లెక్కకు దగ్గరైన పద్ధతి అది. తుపాను కబురునూ అలాగే, గాలి వేగంతోపాటు ఇప్పుడు బయల్దేరితే ఏ రేవుకు ఎన్ని గంటల్లో చేరతావో కలిపి పంపాలి. స్వామినాథన్ ఫౌండేషన్ వారి ఫిషర్ ఫ్రెండ్ యాప్ తెలుగులో ఏళ్ళుగా ఇలాంటి సమాచారం ఇస్తోంది. ఇన్‌కాయిస్‌కు సొంత యాప్ ఉంది, ఇప్పుడు నభ్‌మిత్ర వచ్చింది. ఒక్క ఫోనులో ఇన్ని యాప్‌లు ఉంచుకుని ఏ హెచ్చరిక దేనిలో వస్తుందో గుర్తుపెట్టుకోమనడం న్యాయం కాదు. ఎన్ని దారుల్లో వచ్చినా తుపాను కబురు ఒకే చోట, ఒకే రూపంలో కనబడాలి.

తెర మారినా ముందున్న మనిషి పని తీరు మారకపోతే ప్రయోజనం సగమే. రాత్రి డ్యూటీ దిగే ఉద్యోగి ఉదయం వచ్చేవాడికి ఏం అప్పగిస్తున్నాడు? ఫలానా బోటు ఇంజిను బాగాలేదని రెండింటికి కబురొచ్చింది, పక్క బోటు చూసుకుంటానంది, ఆరింటికి మళ్ళీ పిలవాలి. ఈ మాట తెరలోనే ఆ బోటు వరసకు అంటుకుని ఉండాలి. మత్స్యశాఖ రాసింది కోస్ట్ గార్డుకూ, మెరైన్ పోలీసుకూ కనబడాలి. లేకపోతే ఒకే కుటుంబం మూడు ఆఫీసుల చుట్టూ తిరిగి ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతుంది.

ఈ పనికి కావలసిన నైపుణ్యం మన ఊళ్ళోనే ఉంది. ఋషికొండ ఐటీ కొండల మీద పనిచేసే పిల్లలకు ఎక్కడో ఉన్న సర్వర్లను రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండటం తెలుసు. ఏ నిశ్శబ్దం ప్రమాదమో, ఏది మామూలో వాళ్ళకు అలవాటే. ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉంది, చేపల పరిశోధన సంస్థల కేంద్రాలు ఉన్నాయి, మత్స్యకార యువకులకు శిక్షణ ఇచ్చే సిఫ్‌నెట్ విభాగం ఉంది. కొదవల్లా వీళ్ళందరినీ డ్రైవర్లతో కూర్చోబెట్టేవారికే.

దానికి తగిన కాలం కూడా ఏటా వస్తుంది. ఏప్రిల్ 15న బోట్లు కట్టేశాక డ్రైవర్లు, కళాసీలు హార్బర్‌లో వలలు బాగుచేసుకుంటూ, బోట్లకు రంగులేసుకుంటూ ఉంటారు. వచ్చే నిషేధకాలంలో మత్స్యశాఖ అధికారులు, ఇస్రో, ఇన్‌కాయిస్ నిపుణులు ఆ తెరను కంట్రోల్ రూములోంచి జెట్టీ మీదికి తీసుకురండి. డ్రైవరు చేతికిచ్చి ఆపద మీట నొక్కించండి, పక్క బోటును వెతికించండి, భార్యకు ఎస్‌ఎమ్‌ఎస్ పంపించి చూడండి. ఎక్కడ తడబడ్డాడో రాసుకుని, జూన్ 15న బోట్లు మళ్ళీ కదిలేలోపు సరిచేయండి.